కారు టాపు మీద మూడేళ్లు: నా వరల్డ్‌స్పేస్ సెట్టు

మొన్న మా మేనల్లుడు అమెరికా నుంచి వచ్చాడు. గుంటూరులో వాళ్ల నాన్నకి కొత్త కారు చూస్తూ, "మామయ్యా, ఇక్కడ కార్లలో శాటిలైట్ రేడియో రాదేంటి?" అన్నాడు. రాకేం, నా పాత మారుతిలో వరల్డ్‌స్పేస్ శాటిలైట్ రేడియో 2006 నుంచి 2009 దాకా మోగింది. కాకపోతే అది కారుతో పాటు వచ్చింది కాదు, నేను బలవంతాన ఎక్కించింది. కాబట్టి ఇక్కడ చెప్పే తిప్పల్లో ముప్పాతిక వంతు నా స్వయంకృతం.

వరల్డ్‌స్పేస్ అసలు ఇంట్లో పెట్టుకునే రేడియో. ఏషియాస్టార్ అనే ఉపగ్రహం నుంచి పాట నేరుగా సెట్టులోకి దిగేది. 2000 మార్చిలో అదీ, మన ఇన్సాట్-3బీ ఒకే రాకెట్ ఎక్కి వెళ్లాయి. దాని చోటు 105 డిగ్రీల తూర్పు రేఖాంశం. అంటే మన గుంటూరు నుంచి చూస్తే ఆగ్నేయం వైపు, మెడ బాగా పైకెత్తి చూడాల్సినంత ఎత్తున. వాస్తు చూసి కట్టిన ఇంట్లో ఆ మూల ఏముంటుందో చెప్పక్కర్లేదు. మొదటి ఆరు నెలలూ మా సెట్టు వంటింటి కిటికీలో, పోపులపెట్టె పక్కన కాపురం చేసింది. శ్రుతి చానల్లో కర్ణాటక సంగీతం, స్పందనలో తెలుగు పాటలు. మా ఆవిడ మాత్రం బ్రహ్మాండంగా ఉందంది, నాకేమో రోజులో రెండు గంటలు గుంటూరు-విజయవాడ రోడ్డు మీదే గడిచిపోయేవి. అలా పుట్టింది కారు ఆలోచన.

మా సెట్టుకి యాంటెన్నా పలక విడిగా ఉండేది, మధ్యలో తీగ. ముందు పలకని డ్యాష్‌బోర్డు మీద పెట్టాను. అద్దంలోంచి బోలెడు ఆకాశం కనిపిస్తుంది గదా అనుకున్నా. ఉపగ్రహం అంత ఎత్తున ఉన్నప్పుడు మధ్యలో టాపు రేకు అడ్డమని వారం తర్వాత వెలిగింది. దాంతో పాత స్పీకరు అయస్కాంతం ఒకటి పలక అడుగున అంటించి, టాపు మీద వెల్లకిలా పడుకోబెట్టాను. తీగని వెనక తలుపు రబ్బరు సందులోంచి లోపలికి లాగాను. కరెంటు సిగరెట్ లైటర్ నుంచి, వోల్టేజి దించే చిన్న అడాప్టరుతో. చప్పుడు మాత్రం క్యాసెట్ ఆకారంలో ఉండే తోక అడాప్టరు ద్వారా. దాన్ని స్టీరియోలో దూర్చితే పాట కారు స్పీకర్లలోకి వచ్చేది. వెనకాల సన్నగా ఈల కూడా వచ్చేది, యాక్సిలరేటర్ తొక్కేకొద్దీ పెరుగుతూ. మూడేళ్లూ ఆ ఈల పోలేదు, అలవాటైపోయింది.

తీగ విషయంలో రెండు దెబ్బలు తిన్నాను. తలుపులోకి దూరే ముందు తీగ కిందికి ఓ వంపు తిరిగి రావాలి, అప్పుడు వాన నీళ్లు ఆ వంపు దగ్గరే జారిపోతాయి. నేను తిన్నగా లాగాను. మొదటి వానకి నీళ్లు తీగ పట్టుకుని వచ్చి వెనక సీటు నానిపోయింది. రెండోది, తలుపు వేసీ తీసీ తీగ నలిగి తెగింది. ఆటోనగర్‌లో ఒక కుర్రాడు రాగి తీగలు మెలేసి, నల్ల టేపు చుట్టి, యాభై రూపాయలు తీసుకున్నాడు. హారన్ తీగకైతే అది చాలు. ఇది కోయాక్సియల్, అంటే మధ్యలో ఒక తీగ, దాని చుట్టూ జాలీలా ఇంకో పొర ఉండే రకం, అందులో నడిచేది దాదాపు 1,500 మెగాహెర్ట్జ్ సిగ్నలు. ఉపగ్రహం నుంచి వేల కిలోమీటర్లు వచ్చిన పాట ఆ అంగుళం అతుకు దాటలేకపోయింది. తీగ మొత్తం మార్చాకే మళ్లీ మోగింది.

ఇక వాడకం. కాజ టోల్‌గేటు దాటాక, కృష్ణ మీది వారధి మీద, అసలు తిరుగులేదు. జోరున వాన పడుతున్నా ఆగేది కాదు. ఇంట్లో డిష్ టీవీ నాలుగు చినుకులకే బొమ్మ ఆపేసేది, ఇది వాడే తరంగాలు వానని లెక్కచేయవు. దీని శత్రువులు వేరే. చెట్లు, మేడలు, వంతెనలు. గుంటూరులో శంకర్ విలాస్ బ్రిడ్జి ఎక్కితే పాట, ‘మూడు వంతెనలు’ అని పిలిచే చోట కింద నుంచి వెళ్తే నిశ్శబ్దం. బ్రాడీపేట సందుల్లో అయితే ఆశ వదిలేసుకోవడమే. విజయవాడ వెళ్లేటప్పుడు ఉపగ్రహం నా కుడివైపు ఉండేది. మిర్చి టిక్కీలు, అదే బస్తాలు, నిలువెత్తున వేసుకున్న లారీ కుడి పక్కన ఆనుకుని వచ్చిందంటే ఆలాపన మధ్యలో తెగేది. లారీ వెళ్లిపోయినా వెంటనే రాదు, సిగ్నలు మళ్లీ పట్టుకోవడానికి కొన్ని సెకన్లు. ఆ కాసేపట్లో రాగం ఎటు పోయిందో! మే నెలలో ఎండలో కారు ఆపితే డిస్‌ప్లే నల్లగా మాడినట్టయ్యేది, సాయంత్రానికి తేరుకునేది.

మేనల్లుడి కారులో ఇలా తెగదు. అక్కడ ఎక్స్ఎం 2001లో, సిరియస్ 2002లో అని రెండు శాటిలైట్ రేడియోలు మొదలై 2008లో ఒకటయ్యాయి. ఊళ్లలో ఉపగ్రహం కనబడని చోట్ల అదే కార్యక్రమాన్ని నేల మీది టవర్లు అందిస్తాయి. మనకి అలాంటి టవర్లు ఉండేవి కావు, ఆకాశం కనిపిస్తేనే పాట. అయినా శ్రీకాకుళం దాకా వెళ్లినా మీట ముట్టుకోకుండా అదే చానల్ వినడం, మధ్యలో ప్రకటనల గోల లేకపోవడం, ఆ రెండింటి కోసం మిగతావన్నీ భరించాను. టౌనులోనే తిరిగేవాళ్లకైతే అప్పట్లో కూడా వద్దనే చెప్పేవాణ్ణి.

2008లో వరల్డ్‌స్పేస్ కంపెనీ అమెరికాలో దివాలా పిటిషన్ వేసింది. 2009 డిసెంబరు 31తో మన దేశంలో ప్రసారాలు ఆగిపోయాయి. ఇప్పుడు కారులో ఆకాశవాణి యాప్ పెట్టి, 2016లో మొదలైన రాగం చానల్ వింటున్నాను. లారీలు అడ్డొచ్చినా తెగదు. శ్రుతిలా ఉందా అంటే, చాలావరకు ఉంది.

ప్రసారం ఆగాక కూడా పలక టాపు మీదే ఉండిపోయింది, తీద్దాంలే తీద్దాంలే అనుకుంటూ. కారు అమ్మేటప్పుడు తీస్తే అయస్కాంతం ఉన్నంత మేర గుండ్రంగా కొత్త రంగు, చుట్టూ ఎండకి వెలిసిన రంగు. కొనడానికొచ్చినాయన దాని మీద వేలు పెట్టి రుద్ది, "ఇక్కడ ఎర్రలైటు ఉండేదాండీ? ప్రభుత్వ బండా?" అన్నాడు. ఉన్న సంగతి చెప్పాను. నమ్మలేదు, ఇంకో రెండు వేలు తగ్గించాడు.