విశాఖ–గన్నవరం విమానం: గాల్లో ముప్పావు గంట, ఇంటి నుంచి ఇంటికి నాలుగు గంటల పైనే

విశాఖ విమానాశ్రయానికీ, విజయవాడ దగ్గరి గన్నవరం విమానాశ్రయానికీ మధ్య సూటి దూరం సుమారు 290 కిలోమీటర్లు. రైలు దారి 350, హైవే కూడా దాదాపు అంతే. దూరాలు లెక్కగట్టే సైట్లు ఆ 290ని జెట్ వేగంతో భాగించేసి పాతిక నిమిషాల లోపే అంటాయి. ఏటీఆర్ 72 అనే చిన్న ప్రొపెల్లర్ విమానం ఎక్కేవాళ్లు ఆ అంకెను పట్టించుకోనక్కర్లేదు. దాని వేగమే గంటకు 500 కిలోమీటర్ల చిల్లర. పైకెక్కడం, దిగడం కలిపితే గాల్లో 40–45 నిమిషాలు. సముద్రం వైపు టేకాఫ్ అయితే మళ్లీ పడమరకు తిరగాలి, అదో రెండు మూడు నిమిషాలు. టికెట్ మీద గంటా పది వేసేది ఇక్కడ కదిలిన దగ్గర్నుంచి అక్కడ ఆగేదాకా. నమ్మాల్సింది దాన్నే.

అసలు టైమంతా నేల మీదే పోతుంది. విశాఖలో ఎంవీపీ కాలనీ నుంచి ఎయిర్‌పోర్టుకు ముప్పావు గంట. లగేజీ ఉంటే బయల్దేరే టైముకు గంట ముందే కౌంటర్ మూసేస్తారు కాబట్టి గంటన్నర ముందు చేరాలి. దిగాక బెల్టు దగ్గర పావుగంట, గన్నవరం నుంచి విజయవాడ బెంజ్ సర్కిల్‌కు 35–40 నిమిషాలు. మొత్తం నాలుగుంపావు. తెల్లవారుజామున కదిలే వందే భారత్ విజయవాడకు నాలుగు గంటల్లో దింపేస్తుంది, అదీ ఊరి మధ్యలో. అందుకే పొద్దుటి పనికి నా ఓటు రైలుకే. ఎయిర్‌పోర్టుకు దగ్గర్లోని గాజువాకలోనో, ఎన్‌ఏడీ దగ్గరో ఉండి, సంచీ ఒక్కటే పట్టుకెళ్లేవాళ్లకు మాత్రం విమానంలో గంట దాకా కలిసొస్తుంది.

సీటు సంగతి. ఏటీఆర్‌కు జనం ఎక్కేదీ దిగేదీ వెనక తలుపు నుంచి. సామాను గది ముందుంటుంది. త్వరగా దిగాలంటే చివరి వరుసలు తీసుకోవాలి. జెట్ అలవాటున డబ్బు కట్టి మరీ ముందు వరుస కొనుక్కుంటే అందరికంటే ఆఖరున దిగుతారు, పైగా ప్రొపెల్లర్ల రొద అక్కడే ఎక్కువ. తలపై అరలు చిన్నవి; చక్రాల పెట్టె గట్టిదైతే పట్టదు, మెత్తటి సంచీ మేలు. రెక్క పైన ఉండటంతో ఏ కిటికీ నుంచైనా నేల కనబడుతుంది. వెళ్లేటప్పుడు ఎడమవైపు కూర్చుంటే, మబ్బు లేని రోజున ధవళేశ్వరం ఆనకట్ట, దాని కింద గోదావరి పాయలుగా విడిపోవడం చక్కగా కనిపిస్తాయి. వచ్చేటప్పుడు కుడివైపు.

ఆలస్యాలకు రెండు కారణాలు. డిసెంబర్, జనవరి ఉదయాల్లో గన్నవరం మీద పొగమంచు కమ్మేస్తుంది. ఎండ వచ్చేదాకా పైనే చక్కర్లు కొట్టడమో, వేరే ఊరికి మళ్లించడమో జరుగుతుంది. ఆ నెలల్లో మొదటి ఫ్లైటు బుక్ చేస్తే పదకొండింటి లోపు మీటింగ్ పెట్టుకోకండి. రెండోది, అదే విమానం రోజంతా నాలుగైదు ఊళ్లు తిరుగుతుంది, పొద్దున పోయిన అరగంట సాయంత్రానికి గంటవుతుంది. ఇంట్లో బయల్దేరే ముందు విమానాల జాడ చూపే ఫ్లైట్‌రాడార్ యాప్‌లో మీ విమానం ఎక్కడుందో చూడండి. అది అప్పటికే ఆలస్యంగా నడుస్తుంటే బోర్డు మీద 'ఆన్ టైమ్' అని వెలుగుతున్నా ఆలస్యం తప్పకపోవచ్చు. అలాగని కౌంటర్ మూసే టైము మాత్రం వెనక్కి జరగదు.

ఈ లెక్కంతా నేవీ రన్‌వే ఉన్న పాత ఎయిర్‌పోర్టుకే. కొత్త ఎయిర్‌పోర్టు ఉన్న భోగాపురం నుంచి ఎక్కాలంటే నగరం నుంచే 45 కిలోమీటర్ల దాకా ఉత్తరానికి, అంటే విజయవాడకు ఎదురు దిక్కులో పోవాలి. గాజువాక వాళ్లకు ఇప్పుడున్న లాభం అప్పుడు పోతుంది. విజయనగరం వాళ్లకు కలిసొస్తుంది.