120 కార్డుల పెట్టెలో నా కార్డు ఒకటి

జనవరి మొదట్లో విజయవాడ పుస్తకాల పండగలో మా మనవరాలు పట్టుబట్టి కొనిపించుకున్న పెట్టె ఇది. ఇంగ్లీషు మాటల వెనకున్న గ్రీకు, లాటిన్ మూలాలు నేర్పే కార్డులు. మొత్తం 120. ధర 499 రూపాయలు. బేరమాడితే స్టాలు అబ్బాయి 450కి ఇచ్చాడు. కార్డుకి ముందువైపు మూలం, ఒక బొమ్మ. వెనకవైపు ఆ మూలం నుంచి పుట్టిన ఐదారు మాటలు, వాటికి తెలుగులో అర్థాలు. వీటితో పాటు ఐదు ఖాళీ కార్డులు, ఒక ఎర్ర నీలం కాగితం కళ్ళజోడు.

ముందు అచ్చు సంగతి. జీతమంతా ప్రెస్సులో సంపాదించుకున్నవాణ్ణి, వేళ్ళు ఊరుకోవు. పెట్టె మీద 300 జీఎస్ఎం అట్ట అని వేశారు. చేతికి ఆ బరువు తగల్లేదు. కటింగ్ సమానంగా లేదు. పేకలా కలిపి నిలబెడితే అంచులు మెట్లు మెట్లుగా కనిపిస్తాయి. చాలా కార్డుల్లో రిజిస్టర్ తప్పింది, ఎరుపు ఒక పక్కకి, నీలం ఒక పక్కకి జరిగిపోయాయి. కళ్ళజోడు ఇచ్చింది త్రీడీ బొమ్మ ఉన్న ఒక్క కార్డు కోసం. మా మనవరాలు మాత్రం అది పెట్టుకుని అన్ని కార్డులూ తిరగేసి, "తాతయ్యా, ఇవన్నీ త్రీడీయేనా?" అని అడిగింది. తెలుగు ఫాంటులో ఒత్తులు నాలుగైదు చోట్ల విడిపోయి పక్కకి పడ్డాయి. పిల్లలకి అమ్మేదాంట్లో అది క్షమించలేను.

ఇంత తిట్టాక కూడా ఐదుకి మూడు చుక్కలు ఇస్తున్నాను. కారణం 87వ నంబరు కార్డు. ఈ నాలుగు మాటలు రాయడానికి కారణం కూడా అదే.

ఆ కార్డు మూలం స్టెరియోస్. గ్రీకులో గట్టిది, ఘనమైనది అని అర్థం. వెనక్కి తిప్పితే స్టీరియో, స్టీరియోస్కోపు, స్టీరియోటైపు, కొలెస్టరాల్, స్టెరాయిడ్, స్టెరిలైజ్ అని ఆరు మాటలు. స్టీరియోటైపు దగ్గర "ఒక వర్గం మనుషుల గురించి స్థిరపడిపోయిన అభిప్రాయం" అని రాసి, పక్కన సెల్‌ఫోను తలకిందులుగా పట్టుకున్న ముసలాయన బొమ్మ వేశారు. మా మనవరాలు బొమ్మని చూసింది, నన్ను చూసింది, నవ్వింది. అర్థం తప్పని అనను. కానీ అసలు వస్తువు ఏమైంది?

నేను 1971లో స్టీరియోలో చేరాను. పెళ్ళిచూపుల్లో మా పెద్దమ్మ "అబ్బాయి పేపరాఫీసులో స్టీరియోలో చేస్తాడు" అంటే, మా మామగారు గ్రామఫోను రిపేరు అనుకున్నారు. ఆ రోజుల్లో పెద్ద దినపత్రికల్లో స్టీరియో అని ఒక సెక్షన్ ఉండేది. కంపోజింగ్ వాళ్ళు సీసపు అక్షరాలతో పేజీ కట్టి, చేజు అనే ఇనప చట్రంలో బిగించి మాకు పంపేవాళ్ళు. దాని మీద ఫ్లాంగ్ పరిచేవాళ్ళం. ఫ్లాంగ్ అంటే పొరలు పొరలుగా కాగితం అంటించి చేసిన తడి అట్ట. గట్టిగా నొక్కితే అక్షరాలన్నీ అందులో గుంటలుగా పడతాయి. ఆరితే అదే మ్యాట్. ఆ మ్యాట్‌ని వంపు తిరిగిన పోత పెట్టెలో అమర్చి కరిగిన లోహం పోస్తే, నిలువునా చీల్చిన గొట్టం లాంటి ప్లేటు వస్తుంది. రోటరీ మిషను సిలిండరుకి కవచంలా పట్టుకునేది అదే. ఒక్కో ప్లేటు 20 కిలోల దాకా తూగేది. రాత్రి పదకొండు దాటాక అలాంటివి ఎన్ని మోశానో లెక్క లేదు, ఇప్పుడు నడుము చెబుతోంది.

ఆ లోహం ఉత్త సీసం కాదు. తగరం, యాంటిమొనీ కూడా కలుస్తాయి. సీసం ఒక్కటే పోస్తే మెత్తగా ఉంటుంది, చల్లారేటప్పుడు ముడుచుకుంటుంది. యాంటిమొనీ పడితేనే గట్టిదనం వస్తుంది, అక్షరం అంచు పదునుగా నిలుస్తుంది. వేడి చూడ్డానికి థర్మామీటరు ఉన్నా మా మేస్త్రీ దాన్ని నమ్మేవాడు కాదు. కాగితం ముక్క మడిచి కుండలో ముంచేవాడు. గోధుమ రంగుకి తిరిగితే పోయొచ్చు, భగ్గుమంటే ఆగాలి. పొగకి విరుగుడని మేనేజ్‌మెంటు రోజూ ఒక అరటిపండు, గ్లాసు పాలు ఇచ్చేది. విరుగుడు సంగతి దేవుడెరుగు, ఆ పాలలో నీళ్ళు మాత్రం బాగా ఉండేవి.

అప్పటిదాకా దేనికది విడిగా ఉన్న వేల అక్షరాలు మా చేతుల్లోంచి ఒకే గట్టి ముద్దగా బయటికి వచ్చేవి. స్టీరియో టైపు, గట్టి అచ్చు. 1790ల్లో ఫ్రాన్సులో ఫిర్మిన్ దిదో అనే ముద్రాపకుడు పెట్టిన పేరు ఇది. పని మాత్రం అంతకు ముందుదే. 1725 ప్రాంతంలో ఎడిన్‌బరోలో విలియం గెడ్ అనే కంసాలి ఇలాంటి ప్లేట్లు పోశాడు. మా పొట్ట కొడతాడని కంపోజిటర్లు కావాలనే తప్పులు దూర్చి అతని పని చెడగొట్టారని చెబుతారు. నమ్మడం కష్టమేమీ కాదు. ఈ పోత పనే అక్కర్లేని ఆఫ్‌సెట్ ముద్రణ వచ్చినప్పుడు మేం కూడా సంతోషంగా హారతి పట్టలేదు.

ఆ ముసలాయన బొమ్మ దాకా ఈ మాట ఎలా వచ్చిందో ప్లేటు పోసినవాడికి ఎవరూ చెప్పక్కర్లేదు. విడి అక్షరాల పేజీలో తప్పు దొర్లితే ఆ అక్షరం పీకి ఇంకోటి పెడతారు. ప్లేటు పోశాక ఆ వీలు లేదు. మరీ ఘోరమైతే ఉలితో చెక్కేస్తాం, అక్కడ తెల్లగా మిగులుతుంది. దిద్దాలంటే మళ్ళీ మొదటికి పోవాల్సిందే. మనిషి బుర్రలో పోత పోసుకున్న అభిప్రాయమూ అంతేనని 1922లో వాల్టర్ లిప్‌మన్ అనే అమెరికన్ పత్రికా రచయిత ఈ మాటని అటు మళ్ళించాడు. క్లిషే అన్న ఫ్రెంచి మాట కూడా ఈ ప్లేటు పేరే.

కార్డు రాసినవాళ్ళకి మన తెలుగైనా గుర్తు రాలేదా అని బాధ. మూస అంటే కంసాలి బంగారం కరిగించే పాత్ర. మూస సినిమా, మూస కథ, మూసపోత ఆలోచన అని మనం రోజూ అంటూనే ఉంటాం. మనదీ కొలిమి దగ్గర పుట్టిన మాటే. ఆ ఒక్క మాట కార్డు మీద వేసి ఉంటే, ఎనిమిదో తరగతి పిల్లకి ఒక్క నిమిషంలో ఎక్కేది. "స్థిరపడిపోయిన అభిప్రాయం" అట! పరీక్ష పేపరు భాష.

కొలెస్టరాల్ దగ్గర మాత్రం కార్డుకి పూర్తి మార్కులు. ఖోలే అంటే పైత్యరసం, స్టెరియోస్ అంటే గట్టిది, పిత్తాశయంలో రాళ్ళలో మొదట దొరికింది కాబట్టి ఆ పేరు అని మూడు వాక్యాల్లో చక్కగా చెప్పారు. మా ఆవిడకి 2016లో పిత్తాశయం తీసేసినప్పుడు డాక్టరుగారు రాళ్ళు చిన్న సీసాలో వేసి ఇచ్చారు. పసుపు పచ్చగా, శనగల్లా ఉన్నాయి. ఇప్పటికీ బీరువాలో ఉన్నాయి, ఎందుకో అడక్కండి. ఆ సీసా తెచ్చి కార్డు పక్కన పెడితే మా మనవరాలు "ఛీ" అంటూనే పావుగంట చూసింది. "చూడు, గట్టిపడిన పైత్యం" అన్నాను. "మీది ఇంకా గట్టిపడలేదు, నోట్లోంచి కారుతూనే ఉంది" అంది మా ఆవిడ వంటింట్లోంచి.

కార్డులో లేని ముచ్చట ఒకటి. ఆ పదార్థానికి 1815 ప్రాంతంలో ఈ పేరు పెట్టిన షెవ్రోల్ అనే ఫ్రెంచి రసాయన శాస్త్రవేత్త 102 ఏళ్ళు బతికాడు. నా లిపిడ్ రిపోర్టు చూసినప్పుడల్లా ఆయన్ని తలుచుకుంటాను.

స్టెరాయిడ్ గురించి ఒక్క లైనే ఉంది, అది చాలు.

స్టీరియో శబ్దానికి హెడ్‌ఫోన్ బొమ్మ వేసి "రెండు వైపుల నుంచి వచ్చే ధ్వని" అన్నారు. రెండు వైపుల నుంచి వస్తే గట్టిదనం ఎందుకన్నారో పిల్ల అడిగితే కార్డు దగ్గర జవాబు లేదు. మా బావమరిది కువైట్ నుంచి తెచ్చిన టేప్ రికార్డరు ఒకటి ఉండేది. ఒకసారి ఎడమ స్పీకరు పోయింది. పాట వస్తూనే ఉంది, కానీ వయొలిన్లు సన్నగా ఎక్కడో వినిపిస్తున్నాయి. గాయకుడు గోడకి అతికించిన పోస్టరులా అయిపోయాడు. బాగు చేయించాక గదిలో మనుషులు మళ్ళీ ఎవరి చోట వాళ్ళు కూర్చున్నట్టు అనిపించింది. శబ్దానికి లోతు, వైశాల్యం వస్తే గట్టి వస్తువు మన ముందున్నట్టు ఉంటుంది, అదీ స్టీరియో. కళ్ళకి ఇదే సంగతిని 1838లోనే చార్లెస్ వీట్‌స్టన్ చూపించాడు. రెండు కళ్ళకీ రెండు రకాల బొమ్మలు విడివిడిగా చూపిస్తే బుర్ర వాటిని కలిపి ఒక ఘనరూపం చేసుకుంటుందని. త్రీడీ కార్డు చేసేది అదే. ఆ ఒక్క కార్డు అచ్చు బాగా కుదిరింది, గిన్నెలోంచి జామకాయ చేతికందేలా ఉంది.

ఇక తప్పు. స్టెరిలైజ్ ఈ కార్డులో ఉండకూడదు. అది లాటిన్ స్టెరిలిస్, అంటే గొడ్డుది, పండనిది అన్న మాట నుంచి వచ్చింది. వినడానికి దగ్గరగా ఉందని గ్రీకు ఇంట్లో భోజనానికి కూర్చోబెట్టారు. దాని బదులు స్టెర్ అన్న మాట వేయాల్సింది. 1795లో ఫ్రాన్సులో కట్టెలు కొలవడానికి పెట్టిన కొలత, ఒక ఘనపు మీటరు. మా చిన్నప్పుడు అడితిలో కట్టెలు కాటా వేసి ఇచ్చేవాళ్ళు, తడి కట్టెలు కలిపి. కొలతపెట్టెతో కొలిచి ఉంటే ఆ మోసం కొంచెం తగ్గేదేమో.

ఘనపు మీటరు అనగానే మా మనవరాలికి అనుమానం వచ్చింది. "తాతయ్యా, పెళ్ళి ఘనంగా చేశారంటారు కదా, అదీ ఇదీ ఒకటేనా?" ఒకటే. ఘనపదార్థం, ఘనమూలం, ఘనత, ఘనుడు అన్నీ ఒకే చెట్టు. తాళాలు, ఘటం లాంటివి ఘనవాద్యాలు. ఇంగ్లీషువాడు గ్రీకు నుంచి గట్టిదనం తెచ్చుకుని కొవ్వుకీ, పాటకీ, అచ్చుకీ పేర్లు పెట్టుకుంటే, మనం సంస్కృతం నుంచి తెచ్చుకుని పెళ్ళిళ్ళకి పెట్టుకున్నాం. ఇది ఏ కార్డులోనూ లేదు. కానీ ఆ ప్రశ్న పుట్టించింది మాత్రం కార్డే, ఒప్పుకోవాలి.

కొనాలా అంటే, ఆరో తరగతి దాటిన పిల్లలుండి, పక్కన కూర్చునే పెద్దవాళ్ళు ఒకరుంటే కొనండి. ఒంటరిగా పిల్లల చేతికిస్తే వారంలో మూలన పడుతుంది. 300 రూపాయలైతే సరైన ధర.

ఖాళీ కార్డుల్లో ఒకటి నేను తీసుకుని స్టీరియోటైపు అని రాశాను. బొమ్మ వేయడం రాదు. అటక మీంచి ట్రంకు పెట్టె దింపి ఒక పాత మ్యాట్ బయటికి తీశాను. 1977 నవంబరు తుపాను రోజులది. ప్లేటు పోశాక మ్యాట్లు పారేసేవాళ్ళం, ఆ పేజీ మాత్రం పారేయబుద్ధి కాలేదు. అచ్చు అక్షరం అద్దంలోలా తిరగబడి ఉంటుంది, ప్లేటూ అంతే. మధ్యలో మ్యాట్ ఒక్కటే మనం చదివేలా సవ్యంగా ఉంటుంది. రంగు లేదు కాబట్టి వెలుతురుకి ఏటవాలుగా పట్టుకోవాలి. మా మనవరాలు పట్టుకోలేదు. నేల మీద పెట్టి, కళ్ళు మూసుకుని, పెద్ద అక్షరాల గుంటల్లో వేలు పోనిచ్చింది. "ది... వి... సీ... ఇది మ, కదా తాతయ్యా?"