మూడేళ్ళు నిండని పిల్లలతో మొదటి క్రూజ్: ఏ ఓడ, ఎన్ని రాత్రులు, ఏ గది

క్రూజ్ అనగానే ఓడ ఏయే ఊళ్ళలో ఆగుతుందో చూడటం అందరికీ అలవాటు. పెద్దవాళ్ళ వరకు అది సరే. ఏడాదిన్నర పిల్లకు మాత్రం గోవా అయినా పెనాంగ్ అయినా ఒకటే. వేళకు నిద్ర, నోటికి అలవాటైన ముద్ద, కాసేపు నీళ్ళాట ఉంటే చాలు. ఈ మూడూ ఏ ఓడలో కుదురుతాయో తేల్చుకున్నాకే టికెట్టు మాట ఎత్తాలి. ప్రకటనల్లో కనిపించే జారుడుబల్లలు, కిడ్స్ క్లబ్బులు చాలావరకు మూడేళ్ళు నిండి, డైపర్ మానేసిన పిల్లల కోసం పెట్టినవి. ఈ సంగతి ఓడ ఎక్కాక తెలిస్తే చేసేదేమీ ఉండదు.

ముందు వయసు లెక్క. పెద్ద కంపెనీలు చాలావరకు ఆరు నెలలు నిండని బిడ్డను ఎక్కించుకోవు. మహాసముద్రాలు దాటే పొడవాటి యాత్రలకైతే ఏడాది నిండాలి. బుక్ చేసిన రోజు వయసుతో పని లేదు, ఓడ బయల్దేరే రోజుకు ఎంత ఉంటుందో అదే లెక్క. రాయల్ కరేబియన్‌లో పిల్లల క్లబ్బు మూడేళ్ళ నుంచి, అదీ డైపర్ లేకుండా ఉండగలిగితేనే. అంతకన్నా చిన్నవాళ్ళకు చాలా ఓడల్లో గంటకింత అని డబ్బు తీసుకునే నర్సరీ ఉంటుంది. డిస్నీలోనూ ఆరు నెలల నుంచి మూడేళ్ళ లోపు వాళ్ళకు ఇదే పద్ధతి. కార్నివాల్ మాత్రం రెండేళ్ళ నుంచే క్లబ్బులోకి తీసుకుంటుంది, డైపర్ కూడా సిబ్బందే మారుస్తారు. రెండేళ్ళ పిల్లాడున్న ఇంటికి ఈ ఒక్క తేడా టికెట్టు ధర తేడా కన్నా పెద్దది. నర్సరీలో చోటు తక్కువ కాబట్టి, ఆన్‌లైన్‌లో బుకింగ్ తెరిచిన రోజే సాయంత్రం భోజనం వేళకు రెండు గంటలు పట్టుకోవాలి.

ఎక్కువమంది దెబ్బతినేది ఈత కొలను దగ్గర. స్విమ్ డైపర్ వేశాం కదా అంటే సరిపోదు, చాలా ఓడల్లో డైపర్ పిల్లలను కొలనులోకి అసలు దిగనివ్వరు. అమెరికా రేవులకు వచ్చే ఓడలకు అక్కడి ప్రజారోగ్య సంస్థ సీడీసీ పెట్టిన నియమం ఇది. డైపర్ పిల్లల కోసమే విడిగా కట్టిన నీళ్ళాట స్థలం ఉంటేనే మినహాయింపు. కారణం లేకపోలేదు. స్విమ్ డైపర్ గట్టి మలాన్ని ఆపుతుంది గానీ పల్చటి విరేచనాన్ని ఆపలేదు. ఓడ కొలనులో నీళ్ళు తక్కువ, జనం ఎక్కువ. నీళ్ళ విరేచనాలు తెచ్చే క్రిప్టోస్పోరిడియం అనే పరాన్నజీవి మామూలు మోతాదు క్లోరిన్‌లో రోజుల తరబడి బతికే ఉంటుంది. అందుకే బుక్ చేసే ముందు ఏజెంటును ‘పిల్లల పూల్ ఉందా’ అని అడిగితే లాభం లేదు, ఉందనే అంటారు. ‘డైపర్ వేసుకునే పిల్లలు దిగగలిగే నీళ్ళాట స్థలం ఏ డెక్ మీద ఉంది, ఏ వేళల్లో తెరుస్తారు’ అని అడిగి, జవాబు మెయిల్లో తీసుకోండి. లేదని తేలితే మడత పెట్టే చిన్న టబ్బు సంచిలో పడేయండి. మామూలు గదుల్లో ఉండేది షవరే, స్నానపు తొట్టి దొరకడం అరుదు. తలమీద నుంచి నీళ్ళు పడితే గుక్కపట్టే పిల్లలకు ఆ టబ్బు, ఒక ప్లాస్టిక్ మగ్గు ఎలాగూ కావాలి.

ఇక ఓడల సంగతి. మన తీరంలో తిరిగే కోర్డీలియా వారి ఎంప్రెస్ 1990లో రాయల్ కరేబియన్ కోసం కట్టిన ఓడ, గ్రాస్ టన్నేజీ (ఓడ లోపలి మొత్తం చోటుకు కొలత) సుమారు 48,500. దేశంలోని రేవుల మధ్యే తిరిగే యాత్రకు పాస్‌పోర్టు అక్కర్లేదు, తిండి మనదే, సిబ్బందితో మన భాషల్లో మాట్లాడొచ్చు. పసిపిల్ల ఉన్న ఇంటికి ఇవి చిన్న సౌకర్యాలు కావు. మరోవైపు పాత ఓడ గనుక గదులు చిన్నవి, బాల్కనీ గదులు కొన్నే, రాత్రిపూట పైడెక్ మీద పాటలు గట్టిగా వినిపిస్తాయి. థియేటర్‌కూ పూల్ డెక్‌కూ నేరుగా పైనా కిందా ఉన్న గదులు వద్దనండి. కాలం చూడటం మరీ ముఖ్యం. పడమటి తీరంలో నైరుతి రుతుపవనాల్లో సముద్రం పోటెత్తుతుంది కనుక, ముంబై నుంచి గోవా, లక్షద్వీప్ వైపు నవంబరు నుంచి మార్చి వరకు మంచిది. వానాకాలంలో ఈ ఓడ తూర్పు తీరానికి వస్తుంది. 2022 జూన్‌లో విశాఖ నుంచి నడిచింది కూడా. విశాఖలో 2023 సెప్టెంబరులో కొత్త క్రూజ్ టెర్మినల్ ప్రారంభమయ్యాక ఎక్కడం దిగడం సుఖమైంది. కానీ జూన్, జూలై బంగాళాఖాతం చంటిపిల్లలున్న వాళ్ళ మొదటి యాత్రకు తగినది కాదు. చిన్న ఓడకు అల ఎక్కువ తెలుస్తుంది. లక్షద్వీప్‌లో ఇంకో చిక్కుంది: ఓడ ఒడ్డుకు ఆనదు, నడిసముద్రంలో ఆగితే చిన్న పడవల్లోకి దిగాలి. ఊగుతున్న పడవలోకి పిల్లను చేతులు మార్చి అందుకోవాలి, స్ట్రోలర్ వెంట పెట్టుకుని అది కుదరని పని. అల ఎక్కువగా ఉంటే దిగడమే రద్దు చేస్తారు.

సింగపూర్ నుంచి బయల్దేరే ఓడలు ఖర్చు ఎక్కువైనా పసివాళ్ళకు నప్పుతాయి. సుమత్రా దీవికీ మలయా ద్వీపకల్పానికీ మధ్యనున్న మలక్కా జలసంధిలో నీళ్ళు ఏడాదిలో చాలాకాలం నిదానంగా ఉంటాయి. జెంటింగ్ డ్రీమ్ సుమారు 1,50,000 టన్నేజీ ఓడ. మలేసియా రేవులకు రెండు మూడు రాత్రుల యాత్రలుంటాయి, భారతీయ శాకాహార వంట కూడా దొరుకుతుంది. డిస్నీ అడ్వెంచర్ అయితే సుమారు 2,08,000. మూడు, నాలుగు రాత్రులు ఏ రేవులోనూ ఆగకుండా సముద్రంలోనే తిప్పి తెస్తుంది. ఊళ్ళు చూడాలనుకునేవాళ్ళకు అది లోటే గానీ, పగటి నిద్ర చెడిపోకూడదనుకునే తల్లికి వరం. ఓడ మలేసియాలో ఆగి తిరిగి వస్తే సింగపూర్‌లోకి మీది రెండో ప్రవేశం అవుతుంది. వీసాలో మల్టిపుల్ ఎంట్రీ అని ఉందో లేదో బిడ్డ వీసాతో సహా చూసుకోండి. హైదరాబాద్ నుంచి నాలుగున్నర గంటల విమానం. ఓడ రోజునే దిగేలా కాక ఒకరోజు ముందే చేరండి.

అక్కడ గడియారం మనకన్నా రెండున్నర గంటలు ముందు. చాలా ఓడల్లో రాత్రి భోజనం రెండు పంక్తులుగా పెడతారు. పిల్లలతో వెళ్ళేవాళ్ళు ముందు పంక్తిలో కూర్చోవాలనే సలహా మన తీరంలో నిజం, సింగపూర్‌లో కాదు. ఓడలో సాయంత్రం 5.30 అంటే బిడ్డ కడుపుకు మధ్యాహ్నం మూడు, అప్పుడే నిద్ర లేచి ఉంటుంది. రెండో పంక్తి 8 గంటలంటే దానికి 5.30. మొదటి రెండు రోజులు రెండో పంక్తే నయం. పొద్దున మాత్రం ఇంటి లెక్కన ఏడింటికి లేస్తే అక్కడ తొమ్మిదిన్నర, బఫే మూసే వేళ అవుతుంది. రాత్రే ఒక అరటిపండు, రెండు బ్రెడ్డు ముక్కలు గదిలో పెట్టుకోండి.

అమెరికాలో ఉన్నవాళ్ళకు ఫ్లోరిడా నుంచి బహామాస్ మూడు నాలుగు రాత్రుల యాత్రలు చవక. అక్కడ చూసుకోవలసింది వీసా స్టాంపు. హెచ్-1బీ ఉద్యోగ వీసా, వాళ్ళ కుటుంబానికిచ్చే హెచ్-4 వీసా ఉన్నవాళ్ళు స్టాంపు గడువు తీరిపోయినా ఐ-94 (దేశంలోకి వచ్చినప్పుడు ఇచ్చే ప్రవేశ పత్రం) చెల్లుబాటులో ఉంటే కెనడా, మెక్సికోలకు 30 రోజుల లోపు వెళ్ళి రావడానికి వెసులుబాటు ఉంది గానీ, బహామాస్ వంటి దీవులకు అది వర్తించదు. అమెరికాలో పుట్టిన బిడ్డ, బయల్దేరిన రేవుకే తిరిగొచ్చే ఓడలో, జనన ధ్రువపత్రంతో వెళ్ళి రాగలదు. ఇబ్బందల్లా తల్లిదండ్రులకే.

ధర విషయంలో విమానం అలవాటు మోసం చేస్తుంది. ఒళ్ళో కూర్చునే బిడ్డకు నామమాత్రపు ఛార్జీ అనే పద్ధతి ఓడలో లేదు. ప్రాణరక్షక పడవలో ఆరు నెలల బిడ్డ కూడా ఒక మనిషే. ఛార్జీ మాఫీ చేసిన చోట కూడా రేవు రుసుములు, పన్నులు పడతాయి. ఇద్దరి పేరున బుక్ చేసి తర్వాత బిడ్డను చేరుద్దామనుకుంటే, మీ గది వైపు ప్రాణరక్షక పడవల లెక్క నిండిపోయి కుదరకపోవచ్చు. మొదటి రోజే ముగ్గురి పేర్లూ రాయించి, బేబీ కాట్ కావాలని అప్పుడే చెప్పాలి.

గది విషయంలో డబ్బు పెట్టదగినది బాల్కనీకే. పిల్ల ఏడున్నరకు నిద్రపోతే లోపలి గదిలో తల్లిదండ్రులు చీకట్లో గుసగుసలాడుతూ కూర్చోవాలి. బాల్కనీ ఉంటే తలుపు చేరవేసి బయట కూర్చోవచ్చు. గొళ్ళెం పిల్లకు అందని ఎత్తులో ఉందో లేదో గదిలోకి వెళ్ళగానే చూసి, కుర్చీలూ బల్లా కమ్ముల దగ్గరి నుంచి లోపలికి జరపండి. తల్లో తండ్రో బయట లేకుండా పిల్ల బాల్కనీలో ఉండకూడదు. ఇంకొకటి: బాల్కనీ తలుపు తెరిచి ఉండగా గది తలుపు తీస్తే గాలి ఒక్కసారిగా లాగి ఆ బరువైన తలుపును ధడేలున మూసేస్తుంది. గుమ్మం పట్టుకుని నిలబడే ఈడు పిల్లల వేళ్ళు నలిగేది అప్పుడే. ఒకటి మూశాకే రెండోది తీయాలి. బాత్రూం గడప ఎత్తుగా ఉంటుంది, కొత్తగా నడిచేవాళ్ళు తట్టుకుని పడతారు. టాయిలెట్ గాలితో లాగే రకం గనుక తడి వైప్స్, డైపర్లు అందులో వేస్తే మీ వరసలో గదులన్నిటికీ పైపు పూడుకుపోతుంది. అల తక్కువ తెలియాలంటే ఓడ నడిమధ్యన, కింది డెక్కుల్లో గది తీసుకోవాలి. గది తలుపులు సన్నం, వెడల్పు స్ట్రోలర్ పట్టదు. గొడుగులా ముడుచుకునే రకమే తీసుకెళ్ళండి.

బుల్లి రైస్ కుక్కర్, ఇండక్షన్ పొయ్యి పెట్టుకెళ్ళే అలవాటు ఉంటే మానుకోవాలి. వేడి చేసే సామాను అగ్నిప్రమాద భయంతో రేవులోనే తీసిపెట్టేస్తారు. ఇంట్లో కొట్టిన ఉగ్గుపొడి కూడా పేరులేని పొడిగా కనబడితే చిక్కే. సీలు తీయని డబ్బా పాలపొడి, సెరిలాక్ లాంటివాటికి అభ్యంతరం ఉండదు. మంచి ఫ్లాస్కు ఒకటి ఉంటే బఫేలో వేడినీళ్ళు పట్టుకోవచ్చు. మొదటి రాత్రే భోజనశాల పెద్ద వెయిటర్‌తో మెత్తటి అన్నం, కారం లేని పప్పు, పెరుగు రోజూ కావాలని, పెద్దవాళ్ళ ఆర్డరు కన్నా ముందు తేవాలని చెప్తే మర్నాటి నుంచి అదే వరసన వస్తుంది.

డైపర్లు ఏడాది పిల్లకు రోజుకు ఏడు, రెండేళ్ళ పిల్లకు ఐదు లెక్కన వేసి, పైన ఒక రోజువి ఎక్కువ పెట్టండి. ఓడ దుకాణంలో మీ సైజు దొరకకపోవచ్చు. పెద్ద పెట్టెలు రేవులో తీసుకుని గదికి చేర్చేసరికి సాయంత్రమవుతుంది, అందుకని నాలుగు డైపర్లు, పాలు, మందులు, ఒక జత బట్టలు, ఈత బట్టలు చేతిసంచిలో ఉండాలి. వాంతుల భయంతో పెద్దల అవోమిన్ ముక్క చేసి పిల్లకు వేయడం ప్రమాదం. అందులో ఉండేది ప్రోమెథజిన్, రెండేళ్ళ లోపు పిల్లల్లో ఊపిరి మందగించవచ్చు. ఆ వయసులో ఓడ వికారం తక్కువే. ఏ మందైనా పిల్లల డాక్టరు రాసి ఇచ్చిందే ఇవ్వాలి. పారాసెటమాల్ సిరప్, ఓఆర్‌ఎస్, థర్మామీటరు మీవే ఉంచుకోండి, ఓడ డాక్టరు ఫీజు భారీగా ఉంటుంది. ఓడల్లో పాకి వాంతులు, విరేచనాలు తెచ్చే నోరోవైరస్‌కు శానిటైజర్ సరిగా పనిచేయదు, సబ్బుతోనే పిల్ల చేతులు కడగాలి.

రాత్రులు మూడు చాలు. రెండైతే ఎక్కే రోజూ దిగే రోజూ పోగా మిగిలేది ఒక్క పగలే. మొదటి రాత్రి కొత్తచోటని ఎలాగూ సరిగా పడుకోరు, రెండో రోజుకు కుదుటపడతారు. ఆఖరి రాత్రి పెట్టెలు గది బయట పెట్టమంటారు. తెల్లారి వేసుకునే జత, రెండు డైపర్లు, పాలసీసా, చెప్పులు ముందే తీసి మంచం మీద పెట్టుకున్నాకే జిప్పు వేయండి.