సంక్రాంతికి అండమానా, ఎండాకాలం బాలీనా?

హైదరాబాద్ పిల్లలకు పెద్ద నీళ్లంటే హుస్సేన్ సాగర్. వాళ్లకు మొదటిసారి ఓ దీవి చూపిద్దామనుకున్న ఇళ్లలో మాట తిరిగి తిరిగి ఈ రెండింటి దగ్గరే ఆగుతుంది. మేం రెండూ వెళ్లొచ్చాం, ఏడాది తేడాతో. మొదటిసారి పెద్దవాడికి 9, చిన్నదానికి 5.

ముందు చూడాల్సింది మన సెలవులు. చాలామంది టికెట్లు కొన్నాక చూస్తారు. బాలీలో వానలు నవంబర్ నుంచి మార్చి దాకా, ఆ తర్వాత అక్టోబర్ వరకు పొడి వాతావరణం. అండమాన్‌లో దానికి తలకిందులు. మేలోనే నైరుతి వానలు మొదలవుతాయి, సముద్రం పోటెత్తితే దీవుల మధ్య పడవలు ఆపేస్తారు. జనవరి నుంచి ఏప్రిల్ దాకా నీళ్లు నెమ్మదిగా ఉంటాయి. అంటే సంక్రాంతికి అండమాన్, ఎండాకాలం సెలవులకు బాలీ. సంక్రాంతికి బడి ఇచ్చేది మహా అయితే వారమే కాబట్టి అదీ కలిసొస్తుంది: శంషాబాద్ నుంచి నేరుగా వెళ్లే విమానం దొరికితే రెండున్నర గంటల్లో పోర్ట్ బ్లెయిర్ (2024 నుంచి దాని పేరు శ్రీ విజయపురం). పాస్‌పోర్ట్ గొడవ లేదు. బాలీకి మధ్యలో విమానం మారాలి, రానుపోను రెండు రోజులు ప్రయాణానికే పోతాయి.

ఇక పిల్లలు చేసేదేమిటి? అండమాన్‌లో ఏజెంట్లు సీ వాక్, జెట్ స్కీ అంటూ పెద్ద చిట్టా ఇస్తారు. ఐదేళ్ల పిల్లకు వాటిలో చాలావరకు పనికిరావు. మా చిన్నదానికి నచ్చినవి రెండే. ఒకటి, నీల్ దీవిలో భరత్‌పూర్ తీరాన అడుగున అద్దం బిగించిన పడవ. తడవకుండా, భయపడకుండా కింద పగడాలూ చేపలూ చూసింది. రెండోది, అదే దీవిలో లక్ష్మణ్‌పూర్ వైపున్న రాతి వంతెన. ఆటు సమయంలో నీళ్లు వెనక్కి పోతే రాళ్ల గుంటల్లో పీతలు, చిన్న చేపలు మిగిలిపోతాయి. వాటి దగ్గర కూర్చుంటే లేవలేదు. జారని చెప్పులు తప్పనిసరి, ఆటు వేళ ముందే కనుక్కోవాలి. గవ్వలు, పగడాలు మాత్రం జేబులో వేసుకోనివ్వకండి, తీసుకురావడం నేరం. కొన్ని తీరాల్లో ఉప్పునీటి మొసళ్ల భయం ఉంది కాబట్టి, దిగొచ్చని చెప్పిన చోటే దిగాలి.

పెద్దవాడికి సెల్యులార్ జైలు. 1906లో కట్టడం పూర్తయింది, ఏడు విభాగాల్లో ఇప్పుడు మిగిలినవి మూడే. ఆ జైలు కట్టకముందే మన కోఠీలోని బ్రిటిష్ రెసిడెన్సీ మీద 1857లో దాడిని ముందుండి నడిపినవారిలో ఒకరైన మౌల్వీ అల్లావుద్దీన్‌ను అండమాన్‌కే పంపారని చెప్తే, “మనం బస్సులో వెళ్లే కోఠీయేనా?” అన్నాడు.

ఇబ్బందీ ఉంది. హ్యావ్‌లాక్ దీవికి వెళ్లే పడవలో మా చిన్నది దారిపొడవునా వాంతులు. మందు గంట ముందే వేయాల్సింది, పడవ ఎక్కాక వేశాను. పైగా జనవరిలో ఐదున్నరకల్లా పొద్దు గుంకుతుంది. మధ్యాహ్నం నిద్రపోతే ఆ రోజు పోయినట్టే.

బాలీలో చూసేవి ఎక్కువ. కానీ వాటర్ పార్కు, సఫారీ కోసమే అయితే మనకు రావిర్యాలలో వండర్‌లా, బహదూర్‌పురాలో జూ ఉండనే ఉన్నాయి. జతిలువిలో మెట్లుమెట్లుగా ఉన్న వరి పొలాల ఫొటోలు చూపిస్తే మా అత్తయ్య, “వరి చేను చూడటానికి విమానం ఎక్కాలా? మిర్యాలగూడ బస్సెక్కితే చాలదా?” అన్నారు. నిజానికి నీళ్లు పంచుకునే వాళ్ల సుబక్ పద్ధతికి 2012లో యునెస్కో గుర్తింపు వచ్చింది గానీ, ఆ సంగతి పిల్లలకు పట్టలేదు.

పట్టింది ఉలువాటు గుడి దగ్గర కెచక్ నాట్యం. వాయిద్యాలు లేవు, మగవాళ్లంతా గుండ్రంగా కూర్చుని “చక్ చక్” అంటుంటే సీతాపహరణం, ఆపైన నిప్పుల మధ్య హనుమంతుడు. కథ తెలిసిన పిల్లలకు భాషతో పనేముంది! ఇది అండమాన్‌లో దొరకదు. అదే గుడి దగ్గర నిజం కోతులు మావారి కళ్లజోడు లాక్కుపోయాయి, అది వేరే కథ. కోతి గీరితే రేబిస్ భయం కూడా ఉంది, చేతిలో తినేది ఏదీ పెట్టకండి.

సముద్రానికైతే బాలీలో కూటా వద్దు, అలలు, లాగేసే ప్రవాహాలు ఎక్కువ. సనూర్, నుసా దువా చిన్నపిల్లలకు నయం. తిండికి బెంగ లేదు, నాసి గోరెంగ్ మన ఎగ్ ఫ్రైడ్ రైస్‌కు చుట్టమే, కారం విడిగా ఇమ్మంటే సరి. ఖర్చు మాత్రం ముందే లెక్కేసుకోండి. దిగగానే అక్కడే ఇచ్చే వీసాకు మనిషికి 5 లక్షల రూపాయా (మన రూపాయలు కాదు, ఇండోనేషియా డబ్బు), పర్యాటక రుసుము మరో లక్షన్నర, పిల్లలకూ అంతే. పాస్‌పోర్టుకు కనీసం ఆరు నెలల గడువు మిగిలి ఉండాలి.

ఎనిమిదేళ్ల లోపు పిల్లలుంటే నేను అండమాన్‌కే ఓటేస్తాను. వచ్చే సంక్రాంతికి మళ్లీ అక్కడికే. ఈసారి స్నార్కెలింగ్ చేస్తానని పెద్దవాడు ఇప్పటినుంచే ఈత క్లాసులకు వెళ్తున్నాడు.