ఒక్క రూపాయికి ఎన్నికల ఖర్చుల లెక్క: నేను వెళ్లి చూసింది

మాది గోదావరి వైపు ఒక మండల కేంద్రం. ఆయన పోయాక టెంట్ హౌస్ నేనే చూసుకుంటున్నాను. షామియానాలు, ఎనిమిది వందల కుర్చీలు, రెండు జనరేటర్లు, వంట సామాను. పెళ్లిళ్ల తర్వాత మాకు పెద్ద గిరాకీ ఎన్నికలదే. 2024లో మార్చి నుంచి మే 13న పోలింగ్ అయ్యేదాకా నా కుర్చీలు గోడౌన్‌లో నిలిచింది లేదు. ఫలితాలు వచ్చాక అభ్యర్థులు ఖర్చుల లెక్క ఇస్తారని పేపర్లో చదివి, అందులో మా కుర్చీల సంగతి ఏం రాశారో చూడాలనిపించింది. వెళ్లి చూశాను. ఆ సౌకర్యం ఎలా ఉందో రాస్తున్నాను.

ముందు ఈ హక్కు గురించి చెప్పాలి. గెలిచినా ఓడినా, పోటీ చేసిన ప్రతి ఒక్కరూ ఫలితం వచ్చిన 30 రోజుల్లో ఖర్చుల లెక్క జిల్లా ఎన్నికల అధికారికి, అంటే కలెక్టరు గారికి, అప్పజెప్పాలి. సరైన కారణం లేకుండా ఇవ్వకపోతే ఎన్నికల సంఘం మూడేళ్లు అనర్హత వేటు వేస్తుంది. ఆ లెక్కను ఎవరైనా చూడొచ్చు. 1961 నాటి ఎన్నికల నిర్వహణ నియమాల్లో 88వ నియమం ఇది. చూడటానికి ఫీజు ఒక్క రూపాయి. కాపీలు కావాలంటే వేరే ఫీజు.

నేను జూలై రెండో వారంలో కలెక్టరు ఆఫీసుకు వెళ్లాను. ఏ జిల్లా అన్నది రాయడం లేదు. మొదటి రోజు పని కాలేదు. ఎవరెవరు లెక్క ఇచ్చారో, ఏ వేళల్లో చూడొచ్చో నోటీసు బోర్డు మీద పెట్టాలి. ఆ బోర్డు మీద పాత టెండరు కాగితాలే ఉన్నాయి. కింద అడిగితే పైకి వెళ్లమన్నారు, పైన అడిగితే సమాచార హక్కు దరఖాస్తు పెట్టుకోమన్నారు. సమాచార హక్కు కిందైతే పది రూపాయలు కట్టి 30 రోజులు ఎదురుచూడాలి. ఇది అది కాదని నాకు తెలుసు గానీ గట్టిగా చెప్పలేకపోయాను. షాపు మూసి, రెండు బస్సులు మారి వెళ్లినదాన్ని, ఉత్త చేతులతో వచ్చేశాను. చాలా బాధేసింది.

రెండోసారి మా మేనల్లుడు 88వ నియమం ప్రింటు తీసిచ్చాడు. సెక్షన్ సూపరింటెండెంట్ గారు దాన్ని రెండుసార్లు చదివి, "ఇప్పటిదాకా దీనికోసం ఎవరూ రాలేదమ్మా" అన్నారు. తర్వాత రసీదు రాయించి, ఫైళ్లు తెప్పించి, కిటికీ దగ్గర చోటు చూపించారు. ఆయన దగ్గర నాకు ఏ ఇబ్బందీ కలగలేదు.

ఇక లెక్క. అద్దె పుస్తకం రాసుకునేవాళ్లకు పది నిమిషాల్లో అర్థమవుతుంది. తెల్ల పేజీల్లో రోజువారీ ఖర్చు, గులాబీ పేజీల్లో నగదు, పసుపు పేజీల్లో బ్యాంకు. వెనకాల వోచర్లు. ఒక అభ్యర్థి ఫైల్లో నా బిల్లు కనబడింది. 400 కుర్చీలు 4,000, నాలుగు షామియానాలు 6,000, డయాస్, కార్పెట్ కలిపి 3,500. మొత్తం 13,500. ఒకరికి పదివేలు దాటి ఇస్తే నగదు పనికిరాదు కాబట్టి చెక్కు ఇచ్చారు, ఆ చెక్కు నంబరుతో సహా ఉంది. నా చేతిరాత, నా షాపు స్టాంపు సర్కారు ఫైల్లో చూసుకుంటే ఒళ్లు పులకరించింది. రూపాయి తేడా లేదు.

కానీ నా పుస్తకంలో ఉన్న మిగతా బుకింగులు? మార్చిలో, ఏప్రిల్ మొదట్లో ఆత్మీయ సమ్మేళనాలకు వెళ్లిన కుర్చీలు, గుండిగలు, గరిటెలు ఏ ఫైల్లోనూ లేవు. ఎవరో దాచారని అనుకున్నాను. సూపరింటెండెంట్ గారు చెప్పాక తెలిసింది: నామినేషన్ వేసిన రోజు నుంచి ఫలితం వచ్చిన రోజు వరకు పెట్టిందే అభ్యర్థి ఖర్చు. మా రాష్ట్రంలో నామినేషన్లు మొదలైంది ఏప్రిల్ 18న. అంతకుముందు నెలరోజుల హడావుడి అంతా ఈ లెక్కకు బయటే. అసెంబ్లీ అభ్యర్థికి 40 లక్షల పరిమితి అంటాం గానీ, పార్టీ పెట్టే ఖర్చుకు పరిమితే లేదు. పెద్ద నాయకుడి సభలో అభ్యర్థి వేదిక ఎక్కితే ఆ సభ ఖర్చులో వాటా అభ్యర్థి ఖాతాలో పడుతుంది, ఆ నాయకుడు వచ్చి వెళ్లిన ప్రయాణ ఖర్చు మాత్రం పడదు. ఇది తెలియకుండా ఫైలు చూస్తే అభ్యర్థులందరూ పొదుపరులని అనిపిస్తుంది.

నామినేషన్‌తో పాటు అభ్యర్థులు ఇచ్చే అఫిడవిట్లతో పోలిస్తే ఈ సౌకర్యం చాలా వెనకబడి ఉంది. ఆస్తులు, అప్పులు, కేసులు చెప్పాలని 2002లో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. ఆ కేసు వేసిన ఏడీఆర్ (అసోసియేషన్ ఫర్ డెమొక్రాటిక్ రిఫార్మ్స్ అనే స్వచ్ఛంద సంస్థ) వాళ్లే నడిపే మైనేతా సైట్లో నియోజకవర్గం పేరు కొడితే చాలు, రాత్రి పదింటికైనా ఫోన్లో అంకెలతో సహా వస్తాయి. ఖర్చుల లెక్కలు కూడా రాష్ట్ర ప్రధాన ఎన్నికల అధికారి సైట్లో పెడతారు గానీ, నేను తెరిచినవి చేత్తో రాసిన కాగితాల స్కాన్లు. వాటిలో "కుర్చీలు" అని వెతకడం కుదరదు. ఫోన్లో పెద్దవి చేసుకుని చదివితే కళ్లు లాగేశాయి. ఆ కాగితాలనే టైపు చేయించి పట్టికగా పెడితే నాలాంటి వాళ్లు ఊరు దాటక్కర్లేదు.

నా రేటింగు: నియమానికి 5కి 5. అది అందే తీరుకు 2. సూపరింటెండెంట్ గారి ఓపికకు ఇంకొకటి కలుపుతాను.

మీరు వెళ్లేట్టయితే 88వ నియమం ప్రింటు పట్టుకెళ్లండి, పదకొండింటికల్లా అక్కడ ఉండండి. ఫైలు తెరవగానే మీ వ్యాపారానికి సంబంధించిన వోచర్లు ముందు చూడండి. ఫ్లెక్సీలు కొట్టేవాళ్లు ఫ్లెక్సీ బిల్లులు, ఆటో నడిపేవాళ్లు ప్రచార బండ్ల అద్దె, క్యాటరింగ్ వాళ్లు భోజనం ప్లేటు రేటు. జిల్లా అధికారులు ముందే ప్రకటించిన రేట్ల పట్టిక ఒకటి ఉంటుంది, అది కూడా అడిగి పక్కన పెట్టుకోండి. అసలు రేటు ఎంతో మన ఊళ్లో మనకు తెలిసినంతగా వేరేవాళ్లకు తెలియదు.