సీపీఏ ప్రశ్నల బ్యాంకు: తప్పు ఆప్షన్ల కోసమైనా కొనవచ్చు

ఎన్ని వేల ప్రశ్నలున్నాయి, ఫోనులో పనిచేస్తుందా, వీడియోలు ఎన్ని గంటలు అన్న సంగతులు అమ్మేవాళ్లే చెబుతారు. అమెరికాలో అకౌంటెంటు లైసెన్సు కోసం రాసే సీపీఏ పరీక్షకు ఒక ప్రశ్నల బ్యాంకును చాలా కాలంగా వాడుతున్నాను. అందులో నన్ను కట్టిపడేసింది ఒక్కటే: తప్పు జవాబుల కింద రాసిన వివరణ.

అక్కడి తరహా ప్రశ్న ఒకటి చెబుతాను, అంకెలు నావి. ఒక కంపెనీ 10 లక్షల డాలర్ల ముఖ విలువ, ఏటా 8 శాతం వడ్డీ ఉన్న ఐదేళ్ల బాండ్లను 9,61,000 డాలర్లకు జారీ చేసింది. మార్కెట్ వడ్డీ 9 శాతం. మొదటి ఏడాది వడ్డీ ఖర్చు ఎంత? ఆప్షన్లు 76,880, 80,000, 86,490, 90,000.

జవాబు 86,490 అని ఏ గైడైనా చెబుతుంది. ఈ బ్యాంకు మిగతా మూడింటి గుట్టూ విప్పుతుంది. 80,000 నొక్కితే, అది కంపెనీ చెల్లించే నగదు, ఖర్చు కాదంటుంది. 90,000 నొక్కితే, రేటు సరైనదే కానీ ముఖ విలువ మీద కట్టారంటుంది. 76,880 అయితే మొత్తం సరైనది, రేటు మాత్రం బాండు మీద అచ్చయినది. రెండు రేట్లను రెండు మొత్తాలతో గుణిస్తే వచ్చే నాలుగు అంకెలే ఆ నాలుగు ఆప్షన్లూ. ప్రశ్న తయారుచేసినవాళ్ల బుర్ర ఎలా నడిచిందో ఒకసారి కనిపించాక, ఇలా ముఖ విలువ కన్నా తక్కువకు జారీ చేసే డిస్కౌంటు బాండ్ల లెక్కల్లో మళ్లీ తడబడలేదు. మన బీకాంలో ఎవరూ చెప్పని మాడిఫైడ్ అక్రూయల్, అంటే అమెరికా రాష్ట్ర, స్థానిక ప్రభుత్వాల జమాఖర్చుల పద్ధతి కూడా నాకు ఇలా తప్పు ఆప్షన్ల దారిలోనే తలకెక్కింది.

అయితే రెండోసారి అవే ప్రశ్నలు తిరిగి వచ్చేసరికి 86,490 పాత పరిచయస్తుడిలా పలకరిస్తుంది. ప్రశ్న చదవకముందే వేలు అటు వెళుతుంది. తెర మీద పచ్చగీత పెరుగుతూ ఉంటుంది కానీ అది ఎంతవరకు చదువో, ఎంతవరకు జ్ఞాపకమో చెప్పదు. ఇలాంటి లెక్కలు వచ్చే ఫార్ (ఫైనాన్షియల్ అకౌంటింగ్) పేపరులో 50 బహుళైచ్ఛిక ప్రశ్నలకు సగం మార్కులే. మిగతా సగం ఏడు సిమ్యులేషన్లవి, అంటే ఆఫీసు పనిలా చేసి చూపాల్సిన ప్రశ్నలవి. అక్కడ అదే బాండు ఖాళీ గడుల పట్టికగా వస్తుంది, ఆనుకోవడానికి ఆప్షన్లు ఉండవు. ఆప్షన్లను దాచే సదుపాయం ఈ బ్యాంకులో లేదు. అందుకని తెర కింది భాగానికి పాత విజిటింగ్ కార్డు అడ్డం పెట్టి, ముందు కాగితం మీద లెక్క కట్టి, ఆ తర్వాతే కార్డు తీసేదాన్ని. ఇంత ధర పెట్టిన వస్తువుకు అట్టముక్క తోడు కావాలా అని విసుగు వచ్చిన మాట నిజం.

ఆడిట్ పేపరుకు వచ్చేసరికి నా మెప్పు ఇంకాస్త తగ్గింది. ఆ పేపరులో 78 బహుళైచ్ఛిక ప్రశ్నలు. చాలావాటిలో నాలుగు ఆప్షన్లూ ఆడిటర్ చేయదగ్గ పనులే, వాటిలో అన్నిటికన్నా తగినది ఏదో చెప్పాలి. అంకెల దగ్గర అంత చక్కగా పాఠం చెప్పిన వివరణ ఇక్కడ "ఇదీ చేయవచ్చు, కానీ ఇది ఉత్తమం కాదు" అని చేతులు దులిపేసుకుంటుంది. ఎందుకు కాదో తెలుసుకోవడానికి మళ్లీ పుస్తకం తెరవాల్సిందే.

ఇంకొక చిన్న సంగతి. ప్రతి ప్రశ్న తర్వాత జవాబు చూపించే పద్ధతికి అలవాటు పడితే ఇబ్బంది. అసలు పరీక్షలో ఒక టెస్ట్‌లెట్, అంటే ప్రశ్నల విభాగం, సమర్పించాక వెనక్కి వెళ్లే వీలుండదు, తప్పో ఒప్పో ఎవరూ చెప్పరు. చివరి వారాల్లో పరీక్ష పద్ధతికి మార్చుకోవడం మేలు. తెర అలవాటు కావడానికి ఈ పరీక్షను తయారుచేసే సంస్థ ఏఐసీపీఏ ఉచితంగా ఇచ్చే నమూనా పరీక్షలు చాలు.

నా బ్యాంకుకు డబ్బు ఆఫీసు కట్టింది కాబట్టి ధర మీద నా మాటకు పెద్ద విలువ ఇవ్వకండి. పైగా హైదరాబాదులో కూర్చుని అమెరికా కంపెనీల ఆడిట్ పనే చేస్తాను, సగం పదాలు ముందే తెలుసు. డిగ్రీ అయిన వెంటనే మొదలుపెట్టేవాళ్లు ఒక పుస్తకం పూర్తిచేశాక కొంటే మంచిదనిపిస్తుంది. పన్నులు, వ్యాపార చట్టాల మీద ఉండే రెగ్ పేపరులో పన్ను లెక్కలు ఉంటాయి కాబట్టి చందా పొడిగించాను. ఆడిట్ మళ్లీ రాయాల్సి వస్తే మాత్రం దీనొక్కదాన్నే నమ్ముకోను.