పదిహేనేళ్లుగా డంజన్ మాస్టర్ ఆడుతున్నా, ఆ అక్షరాల కోసమే

కాగడాలు అయిపోయిన రాత్రి దగ్గరే మొదలుపెడతాను. నలుగురు వీరుల జట్టును చీకటి గుహలో అంతస్తులవారీగా నడిపించే ఈ కంప్యూటర్ ఆట మీద నాకున్న ఇష్టమంతా ఆ రాత్రి పుట్టిందే.

మూడో అంతస్తులో ఉన్నాను. డంజన్ మాస్టర్‌లో కాగడా ఠక్కున ఆరిపోదు. ముందు దూరంగా ఉన్న గోడలు మసకబారతాయి, తర్వాత దగ్గరివి, చివరికి తెరంతా నలుపు. సంచుల్లో వెతికితే ఒక్క కాగడా కూడా మిగల్లేదు. గుడ్డిగా అడుగేస్తే గోడకు గుద్దుకోవడం, జట్టులో ముందు నిలబడ్డ ఇద్దరూ నొప్పితో అరవడం, వాళ్ల ప్రాణం చూపించే నిలువు గీత కాస్త కిందికి దిగడం. ఆట ఆగదు కదా, నేను ఆలోచిస్తున్నంతసేపూ లోపల కాలం నడుస్తూనే ఉంటుంది. నిజంగా టెన్షన్ పడ్డాను.

అప్పుడు పక్కనున్న మంత్రాల పలక మీద కన్ను పడింది. అందులో ఆరేసి చొప్పున నాలుగు వరసల గుర్తులు ఉంటాయి. మొదటి వరస మంత్రం బలానికి: లో అంటే తక్కువ, మాన్ అంటే అన్నిటికన్నా ఎక్కువ. రెండో వరసలో యా భూమి, వి నీరు, ఓ గాలి, ఫుల్ నిప్పు. ఈ అర్థాలు ఆటతో వచ్చే పుస్తకంలో ఉంటాయి గానీ మంత్రాల పూర్తి పట్టిక ఉండదు. వాటిని గుహలో దొరికే కాగితాల మీద చదువుకోవాలి. నా దగ్గర ఆ కాగితం లేదు. కానీ నిప్పు ఉంటే వెలుగు ఉండాలి కదా అనిపించింది. లో నొక్కాను, ఫుల్ నొక్కాను, పలికించాను. ‘ఈ మంత్రం మీద ఇంకా సాధన కావాలి’ అన్న అర్థంలో ఒక వాక్యం వచ్చింది. మా జట్టు మంత్రగత్తెకు, ఆట మొదట్లో వీరులను ఎంచుకునే అద్దాల గదిలో పునర్జన్మ ఇచ్చి మా చెల్లి పేరు పెట్టుకున్నాను, అలా చేస్తే పాత విద్యలన్నీ పోతాయి, అందుకే ఆ వాక్యం. మళ్లీ లో, మళ్లీ ఫుల్. గోడల రాళ్లు ఒక్కొక్కటిగా కనపడ్డాయి. అరగంట నుంచి నేను వెతుకుతున్న తలుపు ఎడమ పక్కనే ఉంది.

ఎవరూ చెప్పకుండా, అర్థాన్ని పట్టుకుని నేనే ఒక మంత్రం కట్టాను, అది పనిచేసింది. 1987లో అటారీ ఎస్‌టీ అనే కంప్యూటర్ మీద వచ్చిన ఆట ఇది. నేను ఆడేది పాత పీసీల కోసం 1992లో వచ్చిన డాస్ రూపం. తర్వాత ఎన్నో పెద్ద ఆటలు ఆడాను. వాటిలో పాత్ర స్థాయి పెరిగితే మంత్రం దానంతట అదే జాబితాలో చేరుతుంది. ఇక్కడ అలా కాదు. నీకు తెలిస్తే నీదే, లేకపోతే లేదు. చిన్నప్పుడు గుణింతం దిద్దుతూ, ఈ అక్షరానికి ఈ గుర్తు తగిలిస్తే ఈ శబ్దం వస్తుందని కనిపెట్టినప్పటి సంబరమే మళ్లీ దొరికింది. ఫుల్ పక్కన ఇర్ పెడితే అగ్నిగోళం. బలం గుర్తు తర్వాత వి ఒక్కటే పలికితే ఖాళీ సీసాలో గాయం మాన్పే మందు. వి తర్వాత బ్రో చేరిస్తే విషానికి విరుగుడు. ఇప్పటికీ నిద్రలో లేపి అడిగినా చెప్తాను.

అయితే ఒక మాట చెప్పాలి. బలం వరసను పక్కన పెట్టి లెక్కేస్తే ఈ గుర్తులతో 258 కలయికలు కుదురుతాయి. పనిచేసేవి పాతిక మాత్రమే. మొదటిసారి ఆడినప్పుడు నోట్‌బుక్‌లో ఒక్కో కలయికా రాసుకుంటూ కూర్చున్నాను. అర్థం ప్రకారం కచ్చితంగా పనిచేయాలనుకున్నవి ఎన్నో పనిచేయలేదు. ఒక మెట్టు దాకే ఊహ పనికొస్తుంది. మూడేసి గుర్తుల మంత్రాలను కాగితం లేకుండా పట్టుకోవడం నాకు చేతకాలేదు. పైగా అగ్నిగోళం వచ్చాక మిగతా దాడి మంత్రాలను నేను దాదాపు మర్చిపోయాను. కింది అంతస్తుల్లో చాలా పోరాటాలు మాన్, ఫుల్, ఇర్ అంటూనే గడిచిపోయాయి. ఆట రెండో సగంలో మొదటి సగంలో ఉన్న మజా లేదు.

ఆ అగ్నిగోళమే ఒకసారి నా ఆట మొత్తాన్ని ముంచింది. పట్టీలు చుట్టిన శవం, అదే మమ్మీ, ఒకటి వెంటపడితే వెనక్కి తిరిగి కాల్చాలనుకున్నాను. లాప్‌టాప్ టచ్‌ప్యాడ్ మీద ఆడుతున్నా. కంగారులో ఒక మలుపు ఎక్కువ తిరిగాను. ఎదురుగా ఉన్నది మమ్మీ కాదు, గోడ. గోళం గోడకు తగిలి మా మీదే పేలింది. ముగ్గురు అక్కడికక్కడే ఎముకలైపోయారు. మిగిలిన ఒక్కడితో ఆ ఎముకలు మోసుకుంటూ, వాళ్లను బతికించే బలిపీఠం కోసం పై అంతస్తు దాకా పరిగెత్తాను. వెళ్లగలిగాను గానీ దారిలో నీళ్ల తిత్తులు ఖాళీ అయ్యాయి. చివరికి రెండు రోజుల కిందటి సేవ్ తెరవక తప్పలేదు. తప్పు నాదే, కానీ గుర్తులు నొక్కే ఆ పద్ధతి టచ్‌ప్యాడ్‌తో కుదరదు. మర్నాడే మౌస్ కొన్నాను.

తిండి సంగతి కొత్తవాళ్లు భయపడినంత కష్టం కాదు. స్క్రీమర్లు అనే జీవులను చంపితే తినడానికి ముక్కలొస్తాయి, గోడల్లో నీటి ఊటలుంటాయి. పటం మాత్రం ఆట గీసి పెట్టదు. నాకు గ్రాఫ్ కాగితం మీద గీసుకోవడం ఇష్టం. మా ఇంట్లో పద్నాలుగు అంతస్తుల పటాలూ ఒక ఫైల్‌లో ఉన్నాయి. మనకు తెలియకుండా మన దిక్కు తిప్పేసే చోట్లు వచ్చినప్పుడు మాత్రం రబ్బరుతో చెరిపీ చెరిపీ కాగితం చిరిగింది. ఆ రెండు మూడు చోట్లు నాకు ఇప్పటికీ నచ్చవు.

అనుకోకుండా దొరికిన సంతోషం ఇంకోటుంది. తలుపు బటన్ పక్కన నిలబడి, గుమ్మంలో ఉన్న రాక్షసి నెత్తి మీద తలుపును మళ్లీ మళ్లీ దించి చంపొచ్చు. ఎవరూ నేర్పలేదు, ఒకసారి తలుపు రాక్షసి మీద పడింది కాబట్టి తెలిసింది. ఈ ఆటలో వస్తువులు నిజంగా వస్తువుల్లా ఉంటాయి.

కొనమంటారా అంటే వెంటనే అవుననలేను. నాకు రాత్రి పిల్లలు పడుకున్నాక రెండు గంటలు కదలకుండా కూర్చునే వీలుంది, గీసుకునే ఓపిక ఉంది. రోజుకు పావుగంటే దొరికేవాళ్లకు ఇది చిరాకు తెప్పిస్తుంది. పటం ఆటే గీసివ్వాలనుకుంటే 2012లో వచ్చిన లెజెండ్ ఆఫ్ గ్రిమ్‌రాక్ చూడండి, ఇదే దారిలో నడిచిన ఆట, అందులోనూ గుర్తులతోనే మంత్రాలు. ఇదే ఆడాలనుకుంటే మాత్రం మంత్రాల జాబితా ఎక్కడ దొరికినా ముందే చదవకండి. నేను మూడుసార్లు పూర్తి చేశాను. రెండోసారి నుంచి చీకటి పడగానే చెయ్యి దానంతటదే లో, ఫుల్ నొక్కేస్తోంది. ఆ మొదటి రాత్రి లాంటిది మళ్లీ రాలేదు.